దళిత సాహిత్యం: నల్లగొండ, పాలమూరు దిక్కు నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

కాలేజీ పిల్లలు, తెలుగు సార్లు, వాడల్లో అంబేద్కర్ యువజన సంఘాలు నడిపే తమ్ముళ్లు, సభ అయిపోయాక చాయ్ దగ్గర పక్కకు పిలిచి అడిగే పెద్దమనుషులు... వీళ్లంతా అడిగే ప్రశ్నలే ఇవి. కొన్నింటికి ఒక్క మాట సరిపోయింది, కొన్నింటికి జవాబు పొడుగైంది. కోస్తా సంగతులు ఇప్పటికే చాలా పుస్తకాల్లో ఉన్నాయి కాబట్టి నేను నల్లగొండ, పాలమూరు దగ్గరే ఎక్కువసేపు ఆగాను.

దళిత సాహిత్యమంటే దళితులు రాసిందా? దళితుల గురించి ఎవరు రాసినా అదేనా?

దళితులు రాసిందే. వాళ్ల గురించి ఇతరులు రాసింది వేరే లెక్క. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' 1922లో వచ్చింది, ఆనాటి సర్కారు దాన్ని నిషేధించింది కూడా. ఆ నవల విలువను కాదనేవాళ్లు లేరు. అయితే అందులో వాడను చూస్తున్న కన్ను వాడది కాదు. వాడ మనిషి తన బతుకు తానే చెప్పుకుంటే అందులో సిగ్గు, తిట్టు, నవ్వు, కూర వాసన, పగ అన్నీ కలగలిసి వస్తాయి. బయటివాళ్లు రాస్తే చాలాసార్లు బాధ ఒక్కటే మిగులుతుంది. చదివేవాళ్లకు ఈ తేడా రెండు పేజీల్లోనే తెలిసిపోతుంది.

దళిత ఇంట్లో పుట్టినవాళ్లు రాసిందంతా దళిత సాహిత్యమేనా అని కూడా అడుగుతుంటారు. నేనైతే అట్లా అనను. ఒక పిల్లవాడు వెన్నెల మీద కవిత రాసుకుంటే దాన్ని వెన్నెల కవితగానే చదవనీయండి.

హరిజనులు అనాలా, ఎస్సీలు అనాలా, దళితులు అనాలా?

'హరిజన' వద్దు. 1930లలో గాంధీ ప్రచారంలోకి తెచ్చిన పేరది. ఎవరికి పెట్టారో వాళ్లను అడిగి పెట్టింది కాదు, అంబేద్కర్ ఒప్పుకున్నదీ కాదు. 'షెడ్యూల్డ్ కులాలు' 1935 చట్టంతో వచ్చిన సర్కారీ మాట. సర్టిఫికెట్‌కు, హాస్టల్ సీటుకు, కోర్టు కాగితానికి అదే కావాలి. 'దళిత' ఉద్యమంలోంచి వచ్చిన పేరు. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ అనే దళిత యువకుల సంస్థ పుట్టాక దేశమంతా పాకింది.

మన దగ్గర పేరు కోసం కొట్లాట అంతకు చాలా ముందే నడిచింది. హైదరాబాద్‌కు చెందిన భాగ్యరెడ్డి వర్మ (1888–1939) 1917లో బెజవాడలో జరిగిన పంచమ మహాసభకు అధ్యక్షుడిగా పోయి, మేం అయిదో వర్ణం కాదు, ఈ నేల మీద మొదటి నుంచీ ఉన్నోళ్లమని వాదించి సభ పేరునే 'ఆది ఆంధ్ర'గా మార్పించాడు. నిజాం రాజ్యంలో ఆయన నడిపింది ఆది హిందూ ఉద్యమం. 1931 జనాభా లెక్కల్లో ఆ పేరు ఎక్కింది. పేరు మారితే బతుకు మారుతుందా అని ఎకసెక్కం చేసేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. పల్లెల్లో అరవై ఏళ్ల మనిషిని కూడా 'ఒరేయ్' అని పిలిచే అలవాటు చూసినవాళ్లు మాత్రం ఆ ఎకసెక్కానికి నవ్వరు.

వాడలో పెద్దలు ఇప్పటికీ 'మేం మాదిగోళ్లం', 'మేం మాలోళ్లం' అనే చెప్పుకుంటారు. 'దళిత' అనేది మీటింగులో, పుస్తకంలో వినబడే మాట. మీకు ఎదురుగా ఉన్న మనిషిని ఏమని పిలవాలని అడిగితే, పేరు పెట్టి పిలవండి.

కారంచేడుతోనే దళిత సాహిత్యం మొదలైందంటారు, నిజమేనా?

ఆ పేరుతో ఒక ఉద్యమంగా నిలబడింది అప్పుడే. 1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. దళిత మహాసభ పుట్టింది, కత్తి పద్మారావు, బొజ్జా తారకం ముందు నిలబడ్డారు. 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. చట్టం వచ్చినా 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మందిని చంపారు. ఈ రెండు ఊళ్ల నెత్తురు మీదే 1990ల దళిత కవిత్వం లేచింది. 1995లో వచ్చిన 'చిక్కనవుతున్న పాట' సంకలనం ఆ గొంతులను ఒక్కచోట చేర్చింది. ఎండ్లూరి సుధాకర్, శిఖామణి, మద్దూరి నగేష్‌బాబు, పైడి తెరేష్‌బాబు, కలేకూరి ప్రసాద్, చల్లపల్లి స్వరూపరాణి ఆ దశాబ్దంలో గట్టిగా వినబడ్డ పేర్లు.

రాయడం అంతకు ముందే ఉంది. 'మాకొద్దీ తెల్ల దొరతనము' అని దేశమంతా పాడుతున్నప్పుడు కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్ల దొరతనము' అన్నాడు. గుర్రం జాషువా 'గబ్బిలం' 1941లో అచ్చయింది. గుడిలోకి పోలేని మనిషి, గుడి చూరుకు వేలాడే గబ్బిలంతో శివుడికి కబురు పంపుతాడు. బోయి భీమన్న 'పాలేరు' నాటకం రాశాడు. వీళ్లు నాగరికంగా, పద్యంలో, సభ మెచ్చేట్టు అడిగారు. 1985 తర్వాతివాళ్లకు సభ మెప్పు పట్టలేదు.

అన్నీ కోస్తా పేర్లే చెప్తున్నారు. మన దిక్కు అప్పుడు ఏం లేకుండెనా?

ఎక్కువగా అడిగేది ఇదే, అడగవలసింది కూడా ఇదే.

ఉండె. పుస్తకం రూపంలో లేకుండె. కోస్తాలో మిషన్ బడులు, ఇంగ్లీషు సర్కారు బడులు మాల మాదిగ పిల్లలకు ముందుగా తెరుచుకున్నాయి. నిజాం రాజ్యంలో చదువు ఉర్దూలో, అదీ పట్నంలో. పల్లెలో దొర గడి ముందు చెప్పులు చేతిలో పట్టుకుని నడిచే మనిషికి పలక ఎవరిస్తారు? అచ్చులో మన పేర్లు ఆలస్యంగా కనబడటానికి అదీ కారణం. అంతకు ముందు సాహిత్యమంతా నోటిలో ఉంది.

నల్లగొండ జిల్లా చింతపల్లిలో పుట్టిన దున్న ఇద్దాసు 19వ శతాబ్దపు మాదిగ కవి. తత్వాలు కట్టి పాడాడు, శిష్యులు ఏర్పడ్డారు, భజనల్లో ఆ తత్వాలు చేతులు మారుతూ వచ్చాయి. తెలంగాణ తొలి దళిత కవి అని ఆయన్ను చెప్పేవాళ్లున్నారు. 'తొలి' అనే మాట మీద నాకు పెద్ద పట్టింపు లేదు గానీ, తెలుగు సాహిత్య చరిత్రల్లో ఆయనకు నాలుగు పంక్తులైనా దొరకకపోవడం మీద ఉంది.

చిందోళ్ల సంగతి చూడండి. మాదిగల మీద ఆధారపడ్డ ఈ కళాకారుల కుటుంబాలు ఊళ్లను మిరాశిగా, అంటే తరతరాల హక్కుగా పంచుకుని, తమ వంతు ఊళ్లకు వచ్చి భాగోతం ఆడతాయి. వాళ్లు ఆడే జాంబ పురాణంలో భూమి పుట్టకముందే పుట్టిన మాదిగల మూలపురుషుడు ఆది జాంబవుడు బ్రాహ్మణుడితో వాదానికి దిగుతాడు. ఎవరు ముందు, ఎవరు వెనుక, ఎవరి వల్ల ఎవరు బతుకుతున్నారు అని తెల్లవార్లూ మాటకు మాట నడుస్తుంది. వాడ జనం ముందు కూర్చుని వింటారు. కులాన్ని తిరగేసి ప్రశ్నించే ఈ ఆట ఉండగా, 'దళితులకు ప్రశ్నించడం చదువుకున్నాకే వచ్చింది' అని ఎట్లా అంటాం?

మాదిగల మీదే ఆధారపడ్డ ఇంకో కులం దక్కలివాళ్లు అదే పురాణాన్ని బొమ్మల పటం విప్పి చెప్తారు. వాళ్ల చేతిలో ఉండే కిన్నెరకు ఎండిన సొరబుర్రలు, వెదురు బొంగు, మెట్లు నిలబెట్టడానికి తేనెమైనం కావాలి. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ పాలమూరు జానపద వీరుడు పండుగ సాయన్న కథ పాడతాడు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. బైండ్లోళ్లు జమిడిక అనే వాయిద్యం మీద ఎల్లమ్మ కథ చెప్తారు. నాట్ల పాటలు, పీర్ల పండుగ పాటలు, చావు దగ్గర ఏడుస్తూ కట్టే పాటలు వేరే ఉన్నాయి. ఈ చివరివి కట్టేది ఆడవాళ్లే. చచ్చిపోయిన మనిషి చేసిన చాకిరీ, ఆ మనిషిని కొట్టిన పటేలు, తీరని అప్పు అన్నీ ఆ ఏడుపులోనే లెక్క తేలతాయి.

దప్పు మన గుర్తు అంటారు, మళ్లీ కొందరు దప్పు కొట్టొద్దు అంటారు. ఏంది లెక్క?

రెండూ సరైనవే. చావుకు, జాతరకు, ఊళ్లో చాటింపుకు పిలిస్తే పోయి కొట్టాలన్నది వెట్టి. పోకపోతే దండుగ, దెబ్బలు. ఆ వెట్టి తెంచుకోవడానికి కొన్ని వాడలు దప్పును అటక మీద పెట్టాయి. తర్వాత ఉద్యమ సభల్లో అదే దప్పు ముందు నడిచింది. ఎవరి కోసం, ఎవరి మాట మీద కొడుతున్నామన్నదే అసలు సంగతి.

దగ్గరగా చూసినవాళ్లకు దాని పని కూడా తెలుస్తుంది. కర్ర పలకకు మేకతోలు సాగదీసి, చింతగింజల అంబలితో అంటిస్తారు. కొట్టే ముందు గడ్డి మంట మీద కాగబెడతారు. కాగిన తోలును వేలితో మీటి చూసి, ఇంకా 'బొద్దు'గా ఉందంటే మళ్లీ మంట దగ్గరకే. కుడిచేతిలో లావు సిర్ర, ఎడమచేతిలో సన్నటి సిటికెన పుల్ల. పెళ్లి దరువు వేరు, చావు దరువు వేరు, జాతర దరువు వేరు. చెవి తెలిసినవాళ్లు దూరం నుంచే ఊళ్లో ఏం జరుగుతోందో చెప్పేస్తారు. ఇంత విద్యను 'డప్పు కొట్టుకునేటోళ్లు' అని తిట్టుగా వాడిన సమాజం మనది.

నల్లగొండ అంటే సాయుధ పోరాటం. ఆ సాహిత్యంలో దళితులు లేరా?

ఉన్నారు, ఎక్కువగా జనంలో. 1946 నుంచి 1951 దాకా నడిచిన పోరాటంలో 3 వేల గ్రామాలు, 10 లక్షల ఎకరాల పంపకం అని కమ్యూనిస్టు నాయకత్వం లెక్క చెప్పింది. వెట్టి మీద తిరగబడటమంటే ముందుగా ఎవరి వెట్టి? దొరకు చెప్పులు కుట్టి, మోటకు తోలుబొక్కెన చేసి, కబురు మోసి, గడి వాకిలి ఊడ్చి కూలి అడగలేని మాల మాదిగలదే అందరికంటే కింది వెట్టి. సంగం (ఊళ్లో ఆంధ్ర మహాసభ) వచ్చాక దొరను 'నీ బాంచన్ కాల్మొక్త' అనడం మానేసింది వాళ్లే.

దళిత రచయితల ఫిర్యాదు ఏమంటే, ఆ పాటల్లో, నవలల్లో వాళ్లు కూలీలుగా, పేదలుగా కనిపిస్తారు, కులంతో కనిపించరు. తుపాకీ పట్టిన దళంలోనూ తాగే నీళ్ల దగ్గర, పెట్టే సంబంధాల దగ్గర కులం ఎంత కరిగింది, ఎంత మిగిలింది అన్నది రాయాల్సినవాళ్లు రాయలేదు. పోరాటం ఆగాక భూమి ఎవరి చేతిలో నిలిచింది అన్న ప్రశ్న కూడా అట్లే మిగిలింది. ఈ ఫిర్యాదు చేస్తే పోరాటాన్ని తక్కువ చేసినట్టు కొందరు కోపం తెచ్చుకుంటారు. పోరాటం మీద గౌరవం లేనివాళ్లు ఆ ప్రశ్న అడగనే అడగరు.

మరి మన జిల్లాల్లో ఎవరెవరు రాశారు?

అందరి పేర్లూ చెప్పను, చదవడానికి దారి చూపిస్తాను.

బోయ జంగయ్య (1942–2016) నల్లగొండ జిల్లా మనిషి. 'జాతర', 'జగడం' నవలలతో పాటు చాలా కథలు, పిల్లల కథలు రాశాడు. కేకలు వేయని రచన. ఉద్యమం ఊపు మీదున్నప్పుడు ఆ మెత్తదనం కొందరికి నచ్చలేదు, ఇప్పుడు తీరిగ్గా చదివితే అందులో ఉన్న ఊరు కనిపిస్తుంది.

వేముల ఎల్లయ్య 'కక్క' 2000లో వచ్చింది. మాదిగ పిల్లవాడి బతుకు, నల్లగొండ మాదిగవాడ మాటల్లో. నా వరకు దక్షిణ తెలంగాణ నుంచి వచ్చిన దళిత నవలల్లో ఇదే ముందు నిలబడుతుంది. ఎందుకో కింది ప్రశ్నలో చెప్తాను. భూతం ముత్యాలు 'సూర' నవల కూడా ఈ నేలదే.

పాలమూరు వైపు గోరటి వెంకన్న. తెలకపల్లి దిక్కు గౌరారంలో పుట్టాడు. పాట, దరువు, తత్వం కలిసిన గొంతు. 2021కి గాను 'వల్లంకి తాళం'కు కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. ఆయన పాటల్లో వాగు, చెట్టు, పిట్ట, గరీబు మనిషి విడివిడిగా ఉండవు.

పాలమూరు గురించి ఇంకో సంగతి కూడా చెప్పాలి. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని కాలువలు తవ్వడానికి, కట్టలు పోయడానికి పోయిన జనంలో మాల మాదిగలు చాలామంది. 'పాలమూరు లేబర్' అనే పేరు దేశమంతా తెలుసు. బొంబాయిలో కామాఠీపుర అనే పేటకు ఆ పేరు మన తెలుగు ప్రాంతాల నుంచి పోయిన కామాఠీ కూలీల వల్లే వచ్చింది. దళిత్ పాంథర్స్‌ను నిలబెట్టినవాళ్లలో ఒకరైన నామ్‌దేవ్ ఢసాల్ పెరిగింది, 1972లో తొలి కవితా సంపుటి 'గోల్‌పీఠా'కు పేరు పెట్టుకున్నది ఆ పక్క వీధుల నుంచే. మన కూలీలు వేసిన పేట పక్కన మరాఠీ దళిత కవిత్వం పుట్టింది. వలసపోయిన మనవాళ్లలో ఎవరైనా ఆ వీధుల గురించి తెలుగులో రాసి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

వాడ భాషలో ఎందుకు రాస్తారు? మాకే అర్థం కాదు, వేరే జిల్లా వాళ్లకు ఎట్లా అర్థమైతది?

'కక్క' గురించి చెప్తానన్నది ఇక్కడే. పాత్రల నోట యాస పెట్టి, కథ చెప్పే వాక్యాన్ని మాత్రం పుస్తక భాషలో నడిపించడం తెలుగు కథలో పాత అలవాటు. అప్పుడు ఏమవుతుంది? మాట్లాడే మనిషి కింద, వివరించే మనిషి పైన ఉంటారు. ఎల్లయ్య కథనాన్ని కూడా వాడ మాటల్లోకే దించాడు. చదివేవాళ్లే వాడలోకి నడిచి పోవాలి.

అర్థం కాదనే మాట గురించి: పదో తరగతి పిల్లలకు ప్రబంధ పద్యం ప్రతిపదార్థాలతో చెప్తాం, అది కష్టమని ఎవరూ మానేయలేదు. కారె, తునకలు, ఒరం, గూన, తొంట, సిబ్బి లాంటి మాటలకు మాత్రం ఓపిక ఉండదు. ఒకసారి పైకి చదివి చూడండి. కంటికి అడ్డం పడ్డ వాక్యం చెవికి అందుతుంది.

మాల, మాదిగ అని మళ్లీ విడివిడిగా ఎందుకు? దళితులంతా ఒకటి కాదా?

కొట్టేవాళ్ల ముందు ఒకటి. రిజర్వేషన్లు పంచుకునే దగ్గర ఒకటి కాదని మాదిగలు చెప్పారు. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైంది. పేరు చివర 'మాదిగ' అని రాసుకోవడం అక్కడి నుంచే ఊపందుకుంది. అప్పటిదాకా దాచుకున్న పేరును సంతకంలో పెట్టుకోవడమంటే మామూలు సంగతి కాదు. సాహిత్యంలోనూ మాదిగ కథలు, మాదిగ కవిత్వం అని సంకలనాలు వచ్చాయి.

దండోరా అడిగిన వర్గీకరణ, అంటే ఎస్సీ రిజర్వేషన్‌ను కులాల గ్రూపులుగా పంచడం, 2000లో చట్టమై, 2004 నవంబరులో సుప్రీంకోర్టులో కొట్టుడుపోయి, 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పుతో మళ్లీ లేచింది. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి అమలులో ఉంది: 59 కులాలు మూడు గ్రూపులుగా, 15 శాతం రిజర్వేషన్ 1, 9, 5 శాతంగా. మాల సంఘాలకు దీని మీద అభ్యంతరాలున్నాయి, అవి వేరే వినాల్సినవి.

నేను మాత్రం ఒక సంగతి మరిచిపోవద్దంటాను. దక్కలివాళ్లు మాదిగల దగ్గర త్యాగం (ఆచారంగా ఇచ్చే దానం) అడుక్కుని బతికారు, మాదిగవాడ బయటే గుడారం వేసుకున్నారు. అంటరానివాళ్లకు అంటరానివాళ్లు. ఆ గుడారం నుంచి రచయిత వచ్చి రాసేదాకా దళిత సాహిత్యం అనే ఈ పెద్ద పేరులో కొంత బాకీ ఉంటుంది.

ఆడవాళ్ల రచనలను వేరుగా చూడాలా?

చూడాలి, ఎందుకంటే వాళ్లే వేరుగా చెప్పారు. 1990ల దళిత కవిత్వంలో అమ్మ చాలా కనిపిస్తుంది. పనికి పోయే అమ్మ, కొడుకును చదివించిన అమ్మ. ఆ అమ్మకు ఒంటి మీద పడ్డ దొర చెయ్యి, ఇంట్లో పడ్డ మొగుడి చెయ్యి ఆమె రాస్తే తప్ప రాలేదు. స్త్రీవాదులతోనూ వీళ్లకు పేచీ ఉంది: ఇంటి పని గురించి మీరు రాస్తున్నారు, మీ ఇంట్లో ఆ పని చేసేది మేమే కదా అని.

గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీల రచనలను పోగు చేసింది. ఆమె తాండూరు ప్రాంతం పెద్దేముల్ మనిషి, అంటే మన పాలమూరుకు పక్కనే. మంత్రిగా, డిప్యూటీ స్పీకర్‌గా పని చేసిన టి.ఎన్. సదాలక్ష్మి జీవితాన్ని 'నేనే బలాన్ని' పేరుతో రాసింది. జూపాక సుభద్ర వరంగల్ దిక్కు. ఆమె, శ్యామల కలిసి 'నల్లరేగటి సాల్లు' కథా సంకలనం తెచ్చారు.

జోగినుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నారాయణపేట, మక్తల్, ఊట్కూరు దిక్కు ఊళ్లలో ఆడపిల్లను దేవతకు ఇచ్చామని ఊరికి వదిలేసిన ఆచారం ఎక్కువగా మాదిగ ఇళ్లను పట్టింది. 1988లో నిషేధ చట్టం వచ్చింది. ఆ చట్టం తర్వాత కూడా బడిలో 'తండ్రి పేరు' గడి దగ్గర ఆగిపోయిన పిల్లలు ఉన్నారు. జోగినుల మీద రాసిన కథలు చాలానే ఉన్నాయి, వాళ్లు రాసినవి చాలా తక్కువ.

క్రైస్తవులైనవాళ్లు దళితులు కారా?

ఊరి లెక్కలో అవుతారు, కాగితం లెక్కలో కారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉన్నారు. నల్లగొండ, పాలమూరుల్లో బాప్టిస్టు మిషన్ బడి, దవాఖాన చాలా వాడలకు మొదటి మెట్టు. అందుకే దళిత రచనల్లో కీర్తనల భాష, బైబిలు మాట వస్తే ఆశ్చర్యపోవద్దు.

కులం గురించి ఇట్లా రాస్తూ పోతే కులం పెరగదా?

ఈ ప్రశ్న నన్ను వాడలో ఎవరూ అడగలేదు.

ఇప్పుడు అంటరానితనం ఎక్కడుంది సార్?

హోటల్‌లో రెండు గ్లాసులు చాలా చోట్ల పోయాయి, ప్లాస్టిక్ కప్పు వచ్చింది. ఇల్లు కిరాయికి అడిగినప్పుడు ఇంటి పేరు మీద ప్రశ్న వస్తుంది. బతుకమ్మ ఊరి నడుమ ఒకటి, వాడలో ఒకటి ఆడే ఊళ్లున్నాయి. బొందల గడ్డకు దారి కోసం పంచాయితీలు నడుస్తాయి. పెళ్లి దగ్గర అసలు రూపం బయటపడుతుంది. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో కులాంతర పెళ్లి చేసుకున్న దళిత యువకుడిని భార్య కళ్ల ముందే ఆసుపత్రి బయట నరికి చంపారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, మిగతా దోషులకు యావజ్జీవం వేసింది.

అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టాల్సి వస్తే, దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి, 60 రోజుల్లో చార్జిషీటు వేయాలి. ఈ రెండు ముక్కలు గుర్తుంటే స్టేషన్‌లో మాట్లాడటానికి ధైర్యం ఉంటుంది.

నేను దళితుణ్ని కాదు. వాళ్ల మీద కథ రాయొచ్చా?

ఎవరు ఆపుతారు? కానీ ముందు మీ ఇంటి కథ రాయండి. మీ తాత పొలంలో జీతం ఉన్న మనిషి పేరేంటి, ఆయనకు వాకిట్లో ఏ పళ్లెంలో అన్నం పెట్టేవారు, ఆ పళ్లెం ఎక్కడ బోర్లించి ఉంచేవారు? ఇది వాడవాళ్ల కంటే మీకే బాగా తెలుసు. ఇతర కులాల రచయితలు ఇట్లాంటి కథలు నిజాయితీగా రాసిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

కొత్తగా చదవాలనుకునేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

కవిత్వమైతే 'చిక్కనవుతున్న పాట'. పద్యం అలవాటుంటే 'గబ్బిలం'. కథలైతే 'నల్లరేగటి సాల్లు'. నవల అయితే 'కక్క', కష్టమనిపిస్తే కళ్యాణరావు 'అంటరాని వసంతం' ముందు చదివి తర్వాత దీనికి రండి. జీవితకథ కావాలంటే వై.బి. సత్యనారాయణ 'మా నాయన బాలయ్య'. కరీంనగర్ ప్రాంతం కుటుంబం, రైల్వే ఉద్యోగం పట్టుకుని మూడు తరాల్లో చదువులోకి ఎట్లా వచ్చిందో చెప్పే పుస్తకం. తత్వాలు మాత్రం పుస్తకంలో చదవొద్దు, ఏకాదశి భజనలో కూర్చోండి.

మా నాయనమ్మకు చాలా పాటలు వస్తయి. వాటిని ఎట్లా దాచిపెట్టాలె?

ఫోన్ చాలు. కానీ ఇంట్లో కూర్చోబెట్టి 'పాడవే' అంటే రెండు చరణాలు పాడి 'ఇంతే బిడ్డా' అంటుంది. పనిలో ఉన్నప్పుడు, పక్కన తోడు పాడే ఇంకో ఆడమనిషి ఉన్నప్పుడు పాట సాగుతుంది. నాట్లప్పుడు అయితే ఇంకా మంచిది. గాలి చప్పుడు పడుతుంది, పడనీయండి.

రికార్డు చేసే ముందు అడగండి, ఎక్కడ పెడతారో చెప్పండి. కొన్ని పాటల్లో ఊళ్లో బతికి ఉన్నవాళ్ల పేర్లు, పాత రంకులు, కొట్లాటలు ఉంటాయి. అవి బయటికి పోవద్దంటే పోనీయకండి. రాసేటప్పుడు 'వస్తాంటె'ను 'వస్తూ ఉంటే' అని దిద్దకండి. అర్థం కాని మాట దగ్గర ఊహించి రాయకుండా ఆమెనే అడగండి. ఆమెకూ తెలియకపోతే అట్లాగే రాసి పక్కన గుర్తు పెట్టండి. పాట ఎవరి దగ్గర నేర్చుకుందో, ఆ మనిషిది ఏ ఊరో రాసుకోండి. పెళ్లయి వచ్చిన ఆడవాళ్లతో పాటలు ఊళ్లు మారతాయి కాబట్టి ఒకే పాట దేవరకొండలో ఒక తీరు, అచ్చంపేటలో ఒక తీరు దొరుకుతుంది. రెండూ ఉంచండి.

'జానపదం, అజ్ఞాత రచయిత' అని వేయొద్దు. పాడిన మనిషి పూర్తి పేరు, ఇంటి పేరుతో సహా, పైన వేయండి. సినిమావాళ్లో, యూట్యూబ్ చానల్‌వాళ్లో ఆ పాట అడిగితే డబ్బుల మాట ముందే, కాగితం మీద, ఆమె ఎదురుగా మాట్లాడండి.